ఇంటికి మేనేజ్డ్ స్విచ్: పద్నాలుగు కేబుళ్లు లాగించాను, ఏది కొనాలి?

గోదావరిగట్టు · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరం శివార్లలో ఇల్లు కట్టుకున్నాం. కింద అమ్మానాన్న, పైన మేము. గోడలు పూయకముందే పైపులు పెట్టించి పద్నాలుగు క్యాట్ 6 కేబుళ్లు లాగించాను. అన్నీ మెట్ల కింద ఉన్న చిన్న అరలోకి వచ్చాయి. గృహప్రవేశమై నెల దాటినా తీగలు చుట్టలుగా వేలాడుతూనే ఉన్నాయి.

వాటి చివరల్లో ఉండేవి ఇవి: కెమెరాలు ఆరు, సీలింగు వైఫై పెట్టెలు రెండు, టీవీలు రెండు, పని బల్లలు మూడు, ప్రింటర్ ఒకటి. అరలోనే రౌటర్, కెమెరాల రికార్డర్, ఫొటోలు దాచుకునే నాస్ పెట్టె ఉంటాయి. ఇవి కాక, కొబ్బరి తోట చివర మోటారు గది ఉంది. ఇంటికి 60 మీటర్లు. అక్కడా ఒక కెమెరా కావాలని నాన్నగారి కోరిక. మోటారు వైర్లు రెండుసార్లు కోసుకుపోయారు.

ఈ తీగలన్నిటినీ కలిపే పెట్టె, అంటే స్విచ్, కోసం వెళితే దుకాణంలో ఎనిమిది పోర్టుల పీఓఈ (నెట్టు తీగలోనే కరెంటు కూడా పంపే రకం) స్విచ్ రెండు తీసుకోండి, చాలు అన్నారు. ఇంకొకరు మేనేజ్డ్ (ఏ పోర్టు ఎలా పనిచేయాలో మనమే అమర్చుకోగలిగే రకం) లేకపోతే వృథా అన్నారు. స్విచ్ వరకు నా బడ్జెట్ 15 వేలు. నిజంగా ఏది అవసరమో తెలిసినవారు చెప్పండి.


శారద_కూకట్‌పల్లి · శనివారం, రాత్రి 9:48

గోడ పూయకముందే పైపులు పెట్టించారు, ఎంత మంచి పని చేశారో! మా అపార్టుమెంటులో ఆ వీలు లేక గోడ అంచుల వెంట తీగలు అతికించుకున్నాం.

మీ జాబితాలో కెమెరాలు ఉన్నాయి కాబట్టి మేనేజ్డ్ అవసరమే అంటాను. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిని ఉపయోగించి, సైట్ల పేర్లకు చిరునామాలు చూపే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లే తెరుచుకోలేదు. గోడమీద కూర్చున్న కెమెరాకు, మీ నాస్‌లోని కుటుంబం ఫొటోలకు మధ్య ఏదో ఒక గోడ ఉండాలి. మామూలు స్విచ్ ఆ గోడ కట్టలేదు.

రెండో కారణం నా అనుభవం. పండక్కి వచ్చిన చుట్టాల పిల్లవాడు ఖాళీగా వేలాడుతున్న తీగ చివరను స్విచ్‌లో పెట్టాడు. దాని రెండో చివర అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. ఒక్క క్షణంలో ఇల్లంతా నెట్టు ఆగిపోయింది. సమాచారపు ముక్కలు (ప్యాకెట్లు) ఆ ఉచ్చులో తిరుగుతూనే ఉంటాయి. ఆఫీసు సమావేశం మధ్యలో ఉన్న నాకు కారణం దొరకడానికి రెండు గంటలు పట్టింది. మేనేజ్డ్ స్విచ్‌లో ఆర్‌ఎస్‌టీపీ (ఇలాంటి ఉచ్చులు పడకుండా చూసే పద్ధతి) గానీ, లూప్ గుర్తించే సదుపాయం గానీ ఉంటే ఆ పోర్టును తనంతట తనే మూసేస్తుంది.

స్విచ్ పేర్లలోకి వెళ్లేముందు ఒక ప్రశ్న. మీ రౌటర్ ఏది?


గోదావరిగట్టు · శనివారం, రాత్రి 10:05

నెట్టు కంపెనీవాళ్లు ఫైబరుతో పాటు బిగించి వెళ్లిన తెల్ల పెట్టే, శారద గారూ. దానికీ స్విచ్‌కూ సంబంధం ఏమిటి?


పాతతీగ · ఆదివారం, ఉదయం 6:30

ముప్పై ఏళ్లు టెలికం శాఖలో పనిచేసి విశాఖలో విశ్రాంతి తీసుకుంటున్నాను. బాబూ, ఆ సంబంధం తెలియకుండా స్విచ్ కొంటే డబ్బు పోసి పెట్టె తెచ్చుకున్నట్టే. కాస్త ఓపికగా చదువు.

అన్నదమ్ములు వేరుపడి ఒకే కప్పు కింద కాపురం ఉంటున్న ఇల్లు ఊహించుకో. వంటగదులు వేరు, సరుకులు వేరు. ఈ గదిలోంచి ఆ గదిలోకి నేరుగా తలుపు లేదు. ఏదైనా పంపాలంటే హాల్లో కూర్చున్న పెద్దాయన చేతి మీదుగానే వెళ్లాలి. వీల్యాన్ అంటే ఈ వేరుపడటమే. ఆ పెద్దాయన రౌటర్. మామూలు మేనేజ్డ్ స్విచ్ వంటగదులు కట్టగలదు, పెద్దాయన పని చేయలేదు. నెట్టు కంపెనీలు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి ఒకే వంటగది తెలుసు. అప్పుడు నువ్వు కెమెరాలను వీల్యాన్ 30లో పెడితే వాటికి చిరునామా ఇచ్చే దిక్కు కూడా ఉండదు.

అందుకని వీల్యాన్లు తెలిసిన రౌటర్ ఒకటి కావాలి. మైక్రోటిక్ హెక్స్ వంటి చిన్నది చాలు, ఓపెన్ డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయగలిగిన రౌటర్ ఉన్నా సరే. కంపెనీ పెట్టెను బ్రిడ్జి మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి నెట్టును నీ రౌటర్‌కు అందించేలా) పెట్టమని వాళ్లను అడుగు.

లోపల జరిగేది ఇది. 802.1క్యూ ప్రమాణం ప్రకారం తీగ మీద వెళ్లే ప్రతి సమాచారపు ముక్కకూ (ఫ్రేము) 4 బైట్ల చీటీ అంటిస్తారు. అందులో వీల్యాన్ సంఖ్యకు 12 బిట్లు. 1 నుంచి 4094 వరకు వాడుకోవచ్చు. నీ ఇంటికి మూడు నాలుగు మించవు. టీవీకీ, ప్రింటర్‌కూ ఈ చీటీల సంగతి తెలియదు. వాటి పోర్టుల్లో స్విచ్చే లోపలికి వచ్చేటప్పుడు చీటీ అంటించి, బయటికి పోయేటప్పుడు చింపేస్తుంది. అంటించేటప్పుడు ఏ సంఖ్య వేయాలో చెప్పేది పీవీఐడీ. రౌటర్‌కూ, వైఫై పెట్టెలకూ వెళ్లే పోర్టుల్లో మాత్రం చీటీలు అలాగే ఉంచాలి. కొత్తవాళ్లు పోర్టును వీల్యాన్‌లో చేర్చి పీవీఐడీ మార్చడం మరచిపోతారు. పోయే సమాచారం ఒక గదిలోకి, వచ్చేది మరో గదిలోకి. ఏ దీపం చూసినా వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు.


కెమెరాపనివాడు · ఆదివారం, ఉదయం 8:15

గుంటూరులో పదకొండేళ్లుగా కెమెరాలు బిగిస్తున్నాను. దుకాణంవారు చెప్పిన ‘ఎనిమిది పోర్టుల పీఓఈ’ పెట్టె మీద 10/100 అని ఉందేమో చూడండి. కెమెరాల కోసం అమ్మే స్విచ్‌లలో చాలావరకు ఎనిమిది పోర్టులూ 100 మెగాబిట్లే, రౌటర్ వైపు వెళ్లే ఒకటి రెండు మాత్రమే గిగాబిట్. కెమెరాకు అది ఎక్కువే. ఒక కెమెరా నాలుగైదు మెగాబిట్లకు మించి తీసుకోదు. అదే స్విచ్‌లో మీ వైఫై పెట్టె పెడితే 200 మెగాబిట్ల నెట్టుకు డబ్బు కట్టి అందులో సగమే వాడుకుంటారు. ‘ఎక్స్‌టెండ్’ అని ఒక చిన్న మీట కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే 250 మీటర్ల దాకా పోతుంది గానీ వేగం 10 మెగాబిట్లకు పడిపోతుంది. తెలియక నొక్కి ఉంచినవాళ్ల ఇళ్లకు నేను చాలాసార్లు వెళ్లాను.

ఇంకో ముఖ్యమైన మాట. మీ కేబుల్ ఒక చివర కత్తితో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత. అలాంటి తీగకు నిరోధం ఎక్కువ. దాని గుండా పీఓఈ కరెంటు పంపితే దారిలోనే వోల్టేజీ తగ్గి, రాత్రి కెమెరా దీపాలు వెలగగానే కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. స్విచ్ చెడిపోయిందని అందరూ దాన్నే మారుస్తారు.

నా సలహా మాత్రం వేరు. ఆరు కెమెరాలకు స్విచ్‌లో పీఓఈ ఎందుకు? వెనక ఎనిమిది పీఓఈ పోర్టులున్న రికార్డరే తీసుకోండి. కెమెరాలు నేరుగా దానికే తగులుకుంటాయి. అది వాటికి సొంత చిరునామాలు ఇచ్చుకుంటుంది. ఇంటి నెట్‌వర్కుకు అవి కనిపించవు. శారద గారు చెప్పిన గోడ అక్కడే సగం కట్టేసినట్టు.


పాతతీగ · ఆదివారం, ఉదయం 9:02

ఈ సలహా బంగారం. లెక్క చూడు బాబూ. పాత పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్‌లో పోర్టుకు 15.4 వాట్లు, తర్వాతి ఏటీలో 30 వాట్లు. కానీ పోర్టుకు 30 అని రాసినంత మాత్రాన ఎనిమిదింటికీ కలిపి 240 ఇస్తుందని కాదు. మొత్తానికి ఒక హద్దు ఉంటుంది. ఉదాహరణకు టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ2210పీ మంచి ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్, ఫ్యాను లేదు. దాని హద్దు 61 వాట్లు. నీ ఆరు కెమెరాలు రాత్రిపూట తలా 7 వాట్లంటే 42. వైఫై పెట్టెలు తలా 13 అంటే 26. మొత్తం 68. దాటిపోయింది.

కెమెరాలు రికార్డర్‌కు వెళ్లిపోతే స్విచ్‌కు మిగిలేవి: వైఫై రెండు, టీవీలు రెండు, బల్లలు మూడు, ప్రింటర్, రౌటర్, నాస్, రికార్డర్. పదకొండు. పదహారు పోర్టుల మామూలు గిగాబిట్ మేనేజ్డ్ స్విచ్ సరిపోతుంది. రెండు వైఫై పెట్టెలకు రెండు పీఓఈ ఇంజెక్టర్లు, అంటే నెట్టు తీగలోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టెలు. ఇంజెక్టర్ కొనేటప్పుడు మాత్రం 24 వోల్టుల పాసివ్ రకమా, 48 వోల్టుల ప్రామాణిక రకమా అని చూసుకో. పాసివ్ రకం అవతల ఏముందో అడగదు, కరెంటు పంపేస్తుంది.


తొలకరి · ఆదివారం, ఉదయం 11:20

బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థిని. ఇక్కడి చర్చలు చదివి చాలా నేర్చుకుంటున్నాను. ఒక సందేహం. కంపెనీలు మార్చేసిన 24 పోర్టుల పాత సిస్కో 2960 వంటివి సికింద్రాబాద్ పాత సామాను దుకాణాల్లో కొత్తవాటికన్నా చాలా చవకగా దొరుకుతాయి. వీల్యాన్, ఎస్‌టీపీ (ఆర్‌ఎస్‌టీపీకి ముందు వచ్చిన పద్ధతి) అన్నీ ఉంటాయి. అదెందుకు తీసుకోకూడదు?


శారద_కూకట్‌పల్లి · ఆదివారం, మధ్యాహ్నం 12:05

నేర్చుకోవడానికి తప్పకుండా తీసుకో తల్లీ. కమాండ్లు చేతికి అలవాటవుతాయి, ఉద్యోగంలో పనికొస్తాయి. చదువుకునేంతసేపు వెలిగించి ఆపేయవచ్చు.

ఇంట్లో ఏడాది పొడవునా ఆపకుండా నడపడం వేరు. 40 వాట్ల స్విచ్ అంటే ఏడాదికి 350 యూనిట్లు. 5 వాట్ల ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ అయితే 44 యూనిట్లు. ఆ తేడా రెండు మూడేళ్లు కట్టండి, చవకగా వచ్చిందన్న సంతోషం మిగలదు. ఇక చప్పుడు. ఆఫీసుల పరికరాల గదుల కోసం చేసిన ఫ్యానులు మెట్ల కింద తిరుగుతుంటే పక్క గదిలో పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. పాత మోడళ్లకు భద్రతా సవరణలు రావడం ఆగిపోయి ఉంటుంది. అది నాకు అన్నిటికంటే పెద్ద అభ్యంతరం.


డాలస్_నుంచి · ఆదివారం, రాత్రి 8:40

2026లో కొత్త ఇంటికి 1 గిగాబిట్ స్విచ్ సలహా ఇస్తున్నారా? 2.5 గిగాబిట్ ప్రమాణం 802.3బీజడ్ వచ్చింది 2016లో. క్యాట్ 5ఈ మీద కూడా వంద మీటర్లు నడుస్తుంది. నాస్ ఉంది కదా, గిగాబిట్‌లో సెకనుకు 110 మెగాబైట్ల దగ్గర ఆగిపోతారు. 2.5 అయితే 280 దాకా వస్తుంది. కనీసం రెండు పోర్టులు కలిపి ఎల్‌ఏసీపీ పెట్టుకోండి.

ఇంకొక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ప్రపంచంలో మొట్టమొదటి ఈథర్నెట్ స్విచ్ 1990లో వచ్చింది. తెచ్చిన కంపెనీ పేరు కల్పన. స్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ భారత సంతతివారు, తన భార్య పేరే కంపెనీకి పెట్టారు. ఆ తొలి స్విచ్‌కు ఏడు పోర్టులు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. ఇక్కడ ఏ సర్వర్ గదిలోకి వెళ్లినా నాకు ఆ పేరు గుర్తొస్తుంది.


పాతతీగ · సోమవారం, ఉదయం 6:10

కల్పన సంగతి చక్కగా చెప్పావు నాయనా. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో హబ్బులు తీసి స్విచ్‌లు పెట్టినప్పుడు ఆఫీసంతా ఊపిరి పీల్చుకున్నట్టయింది.

వేగం విషయంలో మాత్రం నీతో ఏకీభవించను. 4కే సినిమాకు 25 మెగాబిట్లు చాలు. ఆ ఇంటి నెట్టు 200. నాస్‌లోకి వారానికొకసారి ఫొటోలు ఎక్కించేవారికి 110కీ 280కీ తేడా టీ తాగే సమయం. ఎల్‌ఏసీపీ అంటే రెండు దారులు, ఒక్క బండికి రెట్టింపు వేగం కాదు. ఒక కంప్యూటరు నుంచి ఒక ఫైలు వెళుతుంటే అది ఒక తీగ మీదే వెళుతుంది. పది మంది ఒకేసారి నాస్ వాడే చోట అది పనికొస్తుంది.


డాలస్_నుంచి · సోమవారం, ఉదయం 7:55

ఎల్‌ఏసీపీ విషయంలో మీరు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. నేను రోజూ వీడియోలు కూర్చే పనిలో ఉంటాను కాబట్టి నా అవసరంతో కొలిచాను. గోదావరిగట్టు గారూ, కేబుళ్లు మంచివైతే వేగం ఎప్పుడైనా పెంచుకోవచ్చు. ఎస్‌ఎఫ్‌పీ గూళ్లున్న (ఫైబరు మాడ్యూల్ పెట్టుకునే వీలున్న) స్విచ్ మాత్రం తీసుకోండి.


లంకపొలం · సోమవారం, రాత్రి 9:30

అమలాపురం దగ్గర మాది. మోటారు గది గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. దయచేసి అక్కడికి రాగి తీగ వేయకండి.

రెండేళ్ల కిందట జ్యేష్ఠ మాసంలో మొదటి ఉరుముల వాన. పొలంలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టుకూ మా షెడ్డుకూ ఇరవై గజాలైనా ఉంది. అయినా షెడ్డు కెమెరా తీగ వెంట ఇంట్లోకి వచ్చింది. స్విచ్, రికార్డర్, టీవీ, రౌటర్ అన్నీ ఒకేసారి పోయాయి. రికార్డర్ మూత తీస్తే చిప్పు మధ్యలో పగిలి ఉంది. మా అమ్మాయి అప్పుడే ఆ టీవీ ముందు నుంచి లేచింది. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

ఆ తర్వాత ఫైబరు వేయించాను. గాజు తీగలో కరెంటు రాదు. మా ఊళ్లో నెట్టు తీగలు అతికే కుర్రవాడే చేసి పెట్టాడు. మీరు కూడా వేయించండి, కానీ నేను పొరపాటు పడబోయిన చోట్లు చెబుతాను. ఇళ్లకు నెట్టు ఇచ్చే ఫైబరు తీగకు బలం కోసం పక్కనే ఇనుప తీగ ఉంటుంది. అది ఇంట్లోకి రానివ్వకూడదు, బయటే కత్తిరించాలి. ఇనుము లేని రకమైతే ఇంకా మేలు. రెండోది, వాళ్లు మామూలుగా పెట్టే ఆకుపచ్చ కనెక్టరు ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌లో పట్టదు. నీలం రంగు ఎల్‌సీ కనెక్టరు అతికించమని ముందే చెప్పాలి. మూడోది, ఒకే తీగ మీద నడిచే మాడ్యూళ్లు జంటగా వస్తాయి, ఒక చివర ఒక రంగు కాంతి, అవతలి చివర ఇంకొకటి. రెండూ ఒకే రకం కొంటే దీపం వెలగదు. షెడ్డులో ఫైబరును మళ్లీ మామూలు నెట్టు తీగకు కలిపే కన్వర్టర్ కూడా గిగాబిట్‌దే కావాలి. చవకగా దొరికే 100 మెగాబిట్ల కన్వర్టర్ మీ స్విచ్ గిగాబిట్ మాడ్యూల్‌తో మాట్లాడదు.


కెమెరాపనివాడు · సోమవారం, రాత్రి 10:12

లంకపొలం గారి మాట ప్రతి ఒక్కరూ వినాలి. నేనూ ఈ మధ్య ఆరుబయట ముప్పై మీటర్లు దాటితే ఫైబరే వేస్తున్నాను. ఇంకో మాట: ఆ అరకు గాలి రంధ్రాలు ఉన్నాయా? రాజమండ్రి మే నెల ఎండలు మీకు చెప్పనక్కరలేదు. ఇళ్లకు అమ్మే స్విచ్‌లలో చాలావాటి కాగితం మీద పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకు అని ఉంటుంది, కొన్నింటికి 50. తలుపు మూసిన అరలో రికార్డర్ వేడి కూడా కలిస్తే బయట 44 ఉన్నప్పుడు లోపల ఎంత ఉంటుందో! తలుపుకు కింద ఒకటి, పైన ఒకటి జాలీ పెట్టించండి.


గోదావరిగట్టు · మంగళవారం, ఉదయం 7:20

నేను స్విచ్ పేరు ఒక్కటి చెబుతారనుకున్నాను. మీరు నా ఇల్లంతా తిరిగి చూసినట్టు చెప్పారు. తీగ గీకి చూశాను, ఎర్రగానే ఉంది, మనసు కుదుటపడింది. అర తలుపుకు జాలీ లేదు, వడ్రంగికి చెప్పాను. మోటారు గదికి ఫైబరే. ఇక పేర్లు చెప్పండి.


పాతతీగ · మంగళవారం, ఉదయం 8:00

టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ2218: పదహారు గిగాబిట్ పోర్టులు, రెండు ఎస్‌ఎఫ్‌పీ గూళ్లు, ఫ్యాను లేదు. డీ-లింక్ డీజీఎస్-1210 వరుసలోనూ ఇలాంటివి ఉన్నాయి. జైక్సెల్ జీఎస్1900-24ఈ దొరికితే ఇరవై నాలుగు పోర్టులు, దానికీ ఫ్యాను లేదు, కానీ ఎస్‌ఎఫ్‌పీ లేదు కాబట్టి ఫైబరుకు ఇంట్లోనూ కన్వర్టర్ పెట్టుకోవాలి. నీకు మొదటి రెండింటిలో ఏది నీ ఊళ్లో వారంటీతో దొరికితే అది. లేయర్ 3 (రౌటర్ పని కూడా చేసే రకం) అని ఎక్కువ ధర చెబితే వద్దను. గదుల మధ్య దారి చూపడానికి నీ రౌటర్ చాలు.

అమర్చేటప్పుడు ఒక పోర్టును కదపకుండా మొదట ఉన్నట్టే వదిలెయ్. ఏదైనా తప్పు జరిగి స్విచ్ పేజీ తెరుచుకోకపోతే లాప్‌టాప్ తెచ్చి అందులో పెట్టుకోవచ్చు. అన్ని పోర్టులూ మార్చేసి తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.


గోదావరిగట్టు · మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:40

పదహారు పోర్టులది తీసుకున్నాను. హెక్స్ రౌటర్, పీఓఈ ఉన్న రికార్డర్ వచ్చాయి. నాలుగు గదులు కట్టాను: ఇంటివాళ్లకు 10, ఆఫీసు లాప్‌టాప్‌లకు 20, కెమెరాలకు 30, అతిథుల వైఫైకి 40. మోటారు గది కెమెరా ఫైబరు మీదుగా వీల్యాన్ 30లోకి వచ్చి, రికార్డర్‌లో ఏడో కెమెరాగా చేరింది. కెమెరాల గది నుంచి బయటికి దారి మూసేశాను. ఇంటి ఫోన్ల నుంచి రికార్డర్‌ను మాత్రం చూడవచ్చు. నాన్నగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుని మోటారు గది చూసుకుంటున్నారు.

రెండు ఇబ్బందులు వచ్చాయి. మొదటిది, అన్నీ అమర్చిన మర్నాడు కరెంటు పోయి వచ్చేసరికి వీల్యాన్లు ఒక్కటీ లేవు, స్విచ్ మొదటిరోజు స్థితికి వెళ్లిపోయింది. మార్పులు చేశాక సేవ్ నొక్కాలని అప్పుడు తెలిసింది. మళ్లీ మొదటి నుంచి చేసి, సేవ్ నొక్కి, ఆ అమరికల ఫైలును లాప్‌టాప్‌లో కూడా దాచాను.

రెండోది ఇంకా తీరలేదు. ప్రింటర్ వీల్యాన్ 10లో ఉంది. 20లో ఉన్న నా ఆఫీసు లాప్‌టాప్‌కు అది కనిపించడం లేదు. రౌటర్‌లో అనుమతి ఇచ్చాను, పింగ్ చేస్తే (ఉన్నావా అని పలకరిస్తే) జవాబు వస్తోంది.


శారద_కూకట్‌పల్లి · ఆదివారం, సాయంత్రం 6:15

పింగ్ వస్తోందంటే దారి బాగానే ఉంది. ప్రింటర్ ‘నేనిక్కడున్నాను’ అని పిలిచే కేక ఎండీఎన్ఎస్ అనే పద్ధతిలో వెళుతుంది. ఆ కేక 224.0.0.251 చిరునామాకు, తన వీల్యాన్ గోడల మధ్యే వినిపిస్తుంది. రౌటర్ దాన్ని దాటించదు, స్వభావమే అంత. ప్రింటర్‌కు స్థిరమైన ఐపీ చిరునామా కేటాయించి, లాప్‌టాప్‌లో ఆ చిరునామాతోనే చేర్చుకోండి. ఒక్క ప్రింటర్ కోసం కేకలు మోసే సేవ పెట్టుకోనవసరం లేదు. రేపు టీవీకి ఫోను నుంచి వీడియో పంపాలన్నప్పుడు మాత్రం ఫోనూ టీవీ ఒకే వీల్యాన్‌లో ఉంచండి.

కరెంటు పోయినప్పుడు స్విచ్ ఆగిందన్నారు. ఇంట్లో ఇన్వర్టరు లేదా?


గోదావరిగట్టు · ఆదివారం, సాయంత్రం 7:02

ప్రింటర్ వచ్చింది! ఐపీ చిరునామాతో చేర్చగానే మొదటి కాగితం పడింది. చాలా కృతజ్ఞతలు.

ఇన్వర్టరు ఉంది, మెట్ల కింద ప్లగ్గు కూడా దానికే కలిపించాను. అయినా కరెంటు మారే క్షణంలో స్విచ్ ఆగి మొదలవుతోంది. మళ్లీ పూర్తిగా లేవడానికి నిమిషం పైనే పడుతుంది.


కెమెరాపనివాడు · ఆదివారం, సాయంత్రం 7:20

ఇన్వర్టరు వెనక గానీ ముందు గానీ ఒక మీట ఉంటుంది చూడండి, ఒకవైపు నార్మల్ లేదా ఎకో, ఇంకోవైపు యూపీఎస్. అది నార్మల్‌లో ఉన్నట్టుంది. యూపీఎస్ వైపు పెడితే మారే వ్యవధి బాగా తగ్గుతుంది, స్విచ్ ఆగదు.


గోదావరిగట్టు · ఆదివారం, రాత్రి 7:45

నార్మల్‌లోనే ఉంది. యూపీఎస్ వైపు మార్చి మెయిన్ మూడుసార్లు ఆపి చూశాను. స్విచ్ దీపాలు ఒక్కసారి కూడా ఆరలేదు.